మన ఊరి రాత్రి చదువు

సంచికకు ఏదైనా రాయమని సంఘం వాళ్ళు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది పదో తరగతి గది కాదు, దాని ముందరి వరండా. 1980ల మధ్య, పబ్లిక్ పరీక్షలకు మూడు నెలల ముందు నుంచి మా బ్యాచ్ వాళ్ళం రాత్రిళ్ళు అక్కడే చదివి, అక్కడే పడుకునేవాళ్ళం. కింద నాపబండలు, వాటి మీద ఇంటినుంచి తెచ్చుకున్న చాపలు. కరెంటు పోతే పెట్రోమాక్స్ లైటు. దానికి కిరసనాయిలు ఒక అంగడాయన ఇచ్చేవాడు. ఒక రైతు చెనిక్కాయల మూట వేసిపోయేవాడు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన షిఫ్టు లేని రోజుల్లో వచ్చి లెక్కలు చెప్పేవాడు. నేను ఇంజనీరునయ్యానంటే అందులో ఆయన వాటా పెద్దది. ఎవరూ రూపాయి అడగలేదు.

ఇదేదో మన కాలంలో పుట్టిన ఏర్పాటని చాలాకాలం అనుకున్నాను. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రతి జిల్లాలో బడులెన్ని, చదివేవాళ్ళెందరో లెక్క తీయమన్నాడు. అంతకుముందు దత్తమండలాలకు కలెక్టరుగా చేసి, మన నేలంతా తిరిగినవాడే. కడప కలెక్టరు జవాబు 1825 ఫిబ్రవరిలో వెళ్ళింది. ధరంపాల్ 1983లో అచ్చువేసిన పుస్తకంలో ఆ ఉత్తరం చదివి ఆశ్చర్యపోయాను. పదేళ్ళు దాటిన పేద బ్రాహ్మణ పిల్లలు ఊరు విడిచి, పది మైళ్ళు మొదలు వంద మైళ్ళ దాకా నడిచి, ఊరకే చదువు చెప్పే గురువు దగ్గరికి చేరేవాళ్ళట. గురువూ పేదవాడే, తిండి పెట్టలేడు. ముక్కూముఖం తెలియని పిల్లలకు ఏళ్ళ తరబడి రోజూ అన్నం పెట్టింది ఆ ఊళ్ళ జనం. చదువు గురువుది, కూడు ఊరిది. మన వరండా లెక్కా అదే కదా!

అయితే ఆ అన్నం ఒక్క కులం మగపిల్లలకే దొరికింది. ఇతర కులాల పిల్లలు వీధి బడుల్లో చదివినా, ఇంత దూరం పోయి చదివే దారి వాళ్ళకు ఆ ఉత్తరంలో కనబడదు. ఆడపిల్లల మాట సరేసరి. ఇది చదివి ఆ కాలపువాళ్ళను తప్పుపట్టబోయి ఆగిపోయాను. మన వరండాలో ఆడపిల్లలు ఎందరున్నారు? ఒక్కరూ లేరు. రావొద్దని ఎవరూ అనలేదు. "పొద్దుపోయినాక ఆడబిడ్డను యాడికి పంపేది?" అని ఇండ్లలోనే అన్నారు. గనుల్లో నాన్నకు తోడుపోయే పిల్లలు నలుగురు మా క్లాసులో ఉండేవాళ్ళు. వాళ్ళు రెండు రాత్రులు వచ్చి, కూర్చున్నచోటే నిద్రపోయి, మూడోరోజు నుంచి రాలేదు. మేమూ అడగలేదు.

1990ల మొదట్లో పక్కనున్న నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు, పగలంతా కూలి చేసిన ఆడవాళ్ళు పలకలు పట్టారు. అక్కడి దూబగుంట మహిళలు సారా మీద తిరగబడింది ఆ చదువు తర్వాతే. చదువు వాళ్ళ ఊళ్ళోకి, వాళ్ళకు తీరిన వేళకు వెళ్ళింది. మనం వరండాలో కూర్చుని వాళ్ళే వస్తారనుకున్నాం.

స్వర్ణోత్సవం నుంచి సాయంత్రం చదువు మళ్ళీ మొదలుపెట్టాలని సంఘం అనుకుంటోంది. నా చందా నేనిస్తాను. కంప్యూటర్లు కొనే ముందు సాయంత్రం పూట పిల్లలకింత సంగటి, పప్పు పెట్టే సంగతి, వాడవాడకూ ఒక కేంద్రం పెట్టే సంగతి తేల్చమని నా మనవి.

మొన్న వేసవిలో ఊరికి వచ్చినప్పుడు మా క్లాసు అమ్మాయి ఒకామె స్టేషను దగ్గర కనబడింది. పదిలో లెక్కలు తప్పి, చదువు ఆపేసిన మనిషి. "ఏమబ్బా, మనవరాలు తొమ్మిదికి వచ్చింది. సాయంత్రం చదువు పెడతారంట గదా, ఎన్నిగంటలకు ఇడుస్తారు?" అని అడిగింది. టైము ఇంకా అనుకోలేదని చెప్పాను.