బఫే బల్లకు అవతలి కుటుంబం

అమెరికాలో ఇంటిల్లిపాదీ తక్కువ ఖర్చుతో కడుపునిండా తినాలంటే చాలా ఊళ్లలో ముందు గుర్తొచ్చేది చైనీస్ బఫే. తలకింతని కట్టి లోపలికి వెళ్తే ఎన్నిసార్లయినా వడ్డించుకోవచ్చు. తాతయ్య సూప్ దగ్గర ఆగిపోతారు, పిల్లలు నూడుల్స్ వైపు పరిగెడతారు, ఇంకొకరు రొయ్యల ట్రే మళ్లీ ఎప్పుడు నిండుతుందా అని చూస్తుంటారు. ఇన్ని కుటుంబాలకు విందు పెట్టే ఈ హోటళ్లకు పునాది వేసిన మనుషుల్ని మాత్రం ఆ దేశం కాపురం పెట్టుకోనివ్వలేదు.

1875లో పేజ్ చట్టం వచ్చింది. పైకి అది వ్యభిచారం కోసం తెచ్చే ఆడవాళ్లను ఆపడానికి. ఆచరణలో చైనా నుంచి వచ్చే దాదాపు ప్రతి స్త్రీనీ అనుమానించి అడ్డుకున్నారు. 1882లో చైనీయుల బహిష్కరణ చట్టం కూలీల రాకనే నిషేధించింది. అప్పటికే రైలు మార్గాలు వేసి, గనుల్లో పనిచేసి అక్కడే ఉండిపోయినవాళ్లు ఒంటరిగా మిగిలారు. 1890 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో ఒక్కో చైనా స్త్రీకి సుమారు 27 మంది చైనా పురుషులున్నారు. తెల్లవాళ్లు పోటీకి రాని పనులు వీళ్లకు మిగిలాయి: బట్టలు ఉతకడం, వంట చేయడం. భార్యాబిడ్డలు సముద్రానికి అవతల ఉండగా వీళ్లు పరాయివాళ్లకు వండిపెట్టారు.

ఆ బహిష్కరణ చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. వర్తకులకు నిషేధం లేదు. వాళ్లు స్వదేశానికి వెళ్లి రావచ్చు, తమవాళ్లను తెచ్చుకోవచ్చు. హోటల్ యజమాని వర్తకుడా కాదా? 1915లో ఒక ఫెడరల్ కోర్టు తీర్పు అవునంది. ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఒక్కడి వల్ల కాదు గనుక నలుగురూ డబ్బు పోగేసి భాగస్వాములుగా పెద్ద పెద్ద రెస్టారెంట్లు తెరిచారు. వర్తకుడనిపించుకోవాలంటే కనీసం ఒక ఏడాది ఒళ్లు వంచే పని చేయకూడదు, పైగా తెల్లవాళ్లు సాక్ష్యం చెప్పాలి. అందుకని వంతులవారీగా ఒక్కొక్కరు మేనేజరు కుర్చీలో కూర్చున్నారు. చాప్‌సూయీ అనే వంటకం మీద అమెరికన్ల మోజు ఒక కారణమే. కానీ ఆ తీర్పు తర్వాతి ఏళ్లలో న్యూయార్క్ చైనీస్ హోటళ్లు పుట్టగొడుగుల్లా పెరగడంలో ఇంటివాళ్లను తెచ్చుకోవాలన్న తపన పాత్ర చిన్నది కాదని నా నమ్మకం.

నిషేధం 1943లో పోయింది. కానీ కోటా ఏడాదికి 105 మందే! మన సంగతీ అంతకన్నా మెరుగ్గా లేదు. 1917 చట్టం భారతీయుల వలసను ఆపింది, 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారంది, 1946లో దక్కిన కోటా 100. చివరికి 1965 చట్టం జాతులవారీ కోటాలు తీసేసి, కుటుంబ బంధాలకూ వృత్తి నైపుణ్యానికీ పెద్దపీట వేసింది. ఆంధ్ర వైద్యులూ ఇంజినీర్లూ వెళ్లింది దాని కిందే, హాంకాంగ్, తైవాన్‌ల నుంచి కొత్త తరం వంటవాళ్లు వెళ్లిందీ దాని కిందే. ఈ రోజు ఏ బఫేలోనో వడ్డించుకుంటున్న తెలుగు కుటుంబానికీ, గల్లా దగ్గర కూర్చున్న చైనా కుటుంబానికీ ఆ దేశంలో చోటిచ్చింది ఒకే చట్టం కావచ్చు.

బఫే పద్ధతి మాత్రం ఆసియాది కాదు. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్‌వాళ్లు తమ స్మోర్గస్‌బోర్డ్ విందుబల్ల పరిచి చూపించారు. 1940లలో లాస్‌వేగస్ ఎల్ రాంచో హోటల్ దాన్ని జూదరుల కోసం ఒక డాలరు బఫేగా మార్చింది. ఆ పద్ధతినే టోక్యోలో ఇంపీరియల్ హోటల్ 1958లో మొదలుపెట్టింది.

ట్రేల్లో ఉన్నవి కూడా చాలావరకు వలసదారులే. జనరల్ సో చికెన్‌ను హునాన్ వంటవాడు పెంగ్ చాంగ్‌కుయ్ తైవాన్‌లో సృష్టించాడు. మంగోలియన్ బార్బెక్యూ 1951లో తైపేలో పుట్టింది. క్రీమ్ చీజ్ కూరిన క్రాబ్ రంగూన్ కాలిఫోర్నియాది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్‌కు వలసపోయిన మన పూర్వికులు దాన్ని చూసి కూడా ఉండరు. బిల్లుతో ఇచ్చే ఫార్చ్యూన్ కుకీ మూలం జపాన్. 1942లో దాదాపు 1,20,000 మంది జపాన్ జాతీయులను, వాళ్ల అమెరికన్ సంతానాన్ని శిబిరాల్లో బంధించినప్పుడు వాళ్ల బేకరీలు మూతపడ్డాయి, ఆ వ్యాపారం చైనీయుల చేతికి వచ్చింది.

ఇక ఇంత చౌకగా ఎలా పెడతారు? వరస మొదట్లో అన్నం, నూడుల్స్, చివర్లో రొయ్యలు ఉంచడం కొంత కిటుకు. అసలు ఆదా మనుషుల దగ్గరే. 1980ల నుంచి ఫుజియన్ రాష్ట్రంలోని ఫుజౌ ప్రాంతంవాళ్లు అప్పులు చేసి, దళారులకు వేల డాలర్లు పోసి వచ్చారు. 1993 జూన్ 6న గోల్డెన్ వెంచర్ అనే ఓడ 286 మందితో న్యూయార్క్ తీరంలో ఇసుకలో చిక్కుకుంది. ఈదబోయిన 10 మంది చనిపోయారు. బతికి చేరినవాళ్లు మాన్‌హాటన్‌లో ఈస్ట్ బ్రాడ్‌వే దగ్గరి ఉద్యోగ ఏజెన్సీల ముందు నిలబడేవారు. పని ఏ ఊళ్లోనో ఇంగ్లీషు పేర్లతో చెబితే అర్థం కాదని టెలిఫోన్ ఏరియా కోడ్‌తో రాసేవారు. బస్సెక్కి వెళ్లి, యజమాని చూపిన గదిలో పడుకుని, రోజుకు పన్నెండు గంటలు వేపుడు మూకుళ్ల ముందు నిలబడేవారు. ఆ పనిలో పసిబిడ్డను సాకడం కుదరక చాలామంది పుట్టిన కొద్ది నెలలకే ఫుజియన్‌లోని నానమ్మ, అమ్మమ్మల దగ్గరికి పంపి, బడి ఈడు రాగానే తెచ్చుకున్నారు. ముఖం తెలియక, మాట కలవక ఆ పిల్లలు తల్లిని గుర్తుపట్టడానికే ఎన్నాళ్లో పట్టేది. ఉద్యోగాల ఒత్తిడిలో బిడ్డను అమ్మమ్మ చేతిలో పెట్టి తిరుగు విమానం ఎక్కిన తల్లులు మన ఇళ్లలోనూ ఉన్నారు. చట్టాలు మారినా దూరం పూర్తిగా పోలేదు, ఒక తరం కిందికి జరిగిందంతే.

అలా పెరిగి, బఫే మూలబల్ల మీద హోంవర్క్ చేసుకున్న పిల్లల్లో చాలామంది ఇప్పుడు చదువుకుని వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. హోటల్ నడపమని తల్లిదండ్రులు వాళ్లను అడగడం లేదు. వయసు మీదపడ్డాక అమ్మేస్తున్నారు, లేదా మూసేస్తున్నారు. 2020లో కోవిడ్‌కు మూతపడ్డ బఫేల్లో ఎన్నో మళ్లీ తెరవలేదు. కొన్ని చోట్ల వాటి స్థానంలో కొరియన్ బార్బెక్యూ, హాట్‌పాట్ వచ్చాయి. అక్కడ పొయ్యి బల్ల మీదే ఉంటుంది, వచ్చినవాళ్లే కాల్చుకుని, ఉడికించుకుని తింటారు. వెనక వంటింట్లో అంతమంది అక్కర్లేదు.