అమెరికా బానిసల స్వీయకథనములు

అమెరికా సంయుక్త రాష్ట్రములందు బానిసత్వము ననుభవించి, తప్పించుకొని పారిపోయియో, వెల చెల్లించి విడుదల పొందియో, అంతర్యుద్ధానంతరము శాసనబలమున స్వతంత్రులైయో బ్రదికి బయటపడిన సామాన్యులు తమ జీవితములను గూర్చి తామే చెప్పుకొనిన వృత్తాంతములకు ఈ పేరు చెల్లును. వీనిలో స్వహస్తమున వ్రాసినవి కొన్ని. అక్షరజ్ఞానము గలవారికి చెప్పి వ్రాయించినవి కొన్ని. ముదిమియందు ప్రభుత్వము పంపిన లేఖకు లడుగగా చెప్పినవి వేలకొలది. 18వ శతాబ్ది ఉత్తరార్ధము మొదలుకొని 20వ శతాబ్ది మధ్యము వరకు ఈ వాఙ్మయము పెరుగుచు వచ్చెను. దీని చరిత్రను పరిశీలించువారికి చెప్పినవారి ధైర్యసహనములు ఎంత ముఖ్యములో, విన్నవారెవరు, కలము పట్టినదెవరు, ఏ మాట ఎవరి యెదుట చెప్పరాకపోయెను అను ప్రశ్నలును అంత ముఖ్యములు. ఈ కథనములలోని మౌనములను కూడ చదువ నేర్చినగాని వీని యర్థము సంపూర్ణముగా బోధపడదు.

బానిసకు అక్షరము నేర్పుట దక్షిణ రాష్ట్రములు పెక్కింట నేరముగా నెంచబడుచుండెను. సౌత్ కరోలినాలో 1740 నాటి శాసనమే బానిసలకు వ్రాత నేర్పువారికి జరిమానా విధించినది. 1831లో వర్జీనియాయందు నాట్ టర్నరు నాయకత్వమున తిరుగుబాటు జరిగిన పిమ్మట ఇట్టి శాసనములు మరింత కఠినములయ్యెను. తెల్లవానికి ప్రతికూలముగా నల్లవాడు న్యాయస్థానమున సాక్ష్యము చెప్పుటకును అచట వీలు లేకుండెను. న్యాయాధిపతి వినుట కంగీకరింపని సాక్ష్యమును అచ్చుయంత్రము ద్వారా లోకమునకు వినిపింపబూనుట యీ కథనములకు పుట్టువు.

తొలి ప్రసిద్ధ గ్రంథము ఒలౌడా ఈక్వియానోది. ఇతడు నావికుడై సముద్రములు తిరిగి, చిల్లర వ్యాపారమున కూడబెట్టిన ధనముతో 1766లో 40 పౌనులు చెల్లించి తన్ను తానే కొనుక్కొనెను. 1789లో లండనున, చందాదారులను ముందుగా సమకూర్చుకొని తన యాత్మకథను స్వయముగా ప్రకటించెను. అతని జీవితకాలముననే అది తొమ్మిది ముద్రణములు పొందెను. తాను ఆఫ్రికాలోని ఇగ్బో దేశమున జన్మించి బాల్యముననే అపహరింపబడితినని అతడు వ్రాసియుండగా, 1759 నాటి జ్ఞానస్నానపు నమోదులో జన్మస్థలము కరోలినా యని కలదు. ఈ విషయమై పండితులలో వివాద మింకను తీరలేదు. సత్యమును నిరూపించుకొను భారము చెప్పువానిపైననే పడుట ఈ వాఙ్మయమున కాదినుండియు తప్పలేదు.

1830 నుండి 1860 వరకు గల కాలము ఈ కథనములకు స్వర్ణయుగమనవచ్చును. ఉత్తర రాష్ట్రములందు బలపడిన బానిసత్వనిర్మూలన సంఘములు పారిపోయివచ్చినవారిని సభావేదికల నెక్కించి మాటలాడించుచు, వారి కథలను అచ్చొత్తించుచుండెను. పుస్తకమునకు ముందు తెల్లవారగు పెద్దల యోగ్యతాపత్రములు, శీర్షిక క్రింద ఇది గ్రంథకర్త స్వయముగా వ్రాసినదను ప్రకటన, ఇవి రెండును ఆనవాయితీ యయ్యెను. మేరీలాండున జన్మించి, 1838లో నావికుని వేషమున ఇతరుని గుర్తింపుపత్రము చేతబట్టి రైలెక్కి తప్పించుకొనిన ఫ్రెడరిక్ డగ్లసు సభలలో ప్రసంగించుచుండగా, ఇంతటి వాగ్ధాటి గలవాడు ఎన్నడో బానిసగా నుండెనన్న నమ్మశక్యము కాదని శ్రోతలు శంకింపజొచ్చిరి. ఆ శంకను తీర్చుటకై అతడు 1845లో తన కథను ఊళ్ల పేర్లతో, యజమానుల పేర్లతో సహా వ్రాసి ప్రకటించెను. పుస్తకమునకు నిర్మూలనోద్యమ నాయకుడగు విలియం లాయిడ్ గారిసను పీఠిక వ్రాసెను. పేర్లు బయటపడగానే పట్టుబడు భయము మెండయ్యెను. డగ్లసు సముద్రము దాటి ఐర్లండు, ఇంగ్లండులకు పోవలసివచ్చెను. అచటి మిత్రులు చందాలెత్తి 1846లో అతని స్వాతంత్ర్యమును కొనియిచ్చిరి. నిజము చెప్పిన వానికి ఆ నిజమే అపాయమై నిలుచుట ఇంతకంటె స్పష్టముగా మరెచ్చటను కానరాదు.

అయినను డగ్లసు ఒక్క విషయము మాత్రము దాచెను. తాను తప్పించుకొనిన మార్గమును ఆ గ్రంథమున చెప్పలేదు. బానిసత్వము రద్దయి చాల సంవత్సరములైన పిమ్మట, 1881 నాటి గ్రంథమున గాని దానిని వివరింపలేదు. ఇట్లు దాచుటలోని యౌచిత్యము హెన్రీ బ్రౌను వృత్తాంతము వలన తెలియును. రిచ్మండులో పొగాకు కర్మాగారమున పనిచేయుచుండిన ఈతని భార్యాబిడ్డలను వారి యజమాను డమ్మివేయగా, మనసు విరిగి, 1849 మార్చి మాసమున మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల కొయ్యపెట్టెలో దూరి, కొలదిగా నీరును రొట్టెముక్కలును వెంట నుంచుకొని, సరుకుగా ఫిలడెల్ఫియాలోని నిర్మూలన సంఘ కార్యాలయమునకు రవాణా చేయించుకొనెను. ప్రయాణము సుమారు 27 గంటలు. కొంతసేపు తలక్రిందుగా నుండవలసివచ్చెనట. పెట్టె మూత తెరచినంతనే లేచి నిలిచిన యీతని కథ ఊరూర మారుమ్రోగెను. పెట్టె యను మాట ఆతని పేరున మధ్యనామమై నిలిచెను. కాని రిచ్మండులో ఆ పెట్టెను సాగనంపిన శామ్యూల్ స్మిత్తను తెల్లవాడు, అదే యుపాయమున మరికొందరిని పంపబూని పట్టుబడి కారాగారము పాలయ్యెను. బ్రౌను కథను అంతగా చాటకయుండినచో ఇంకెందరో పెట్టెలలో స్వేచ్ఛ పొందెడివారని డగ్లసు నిష్ఠురముగా వ్రాసెను. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని కడుపుకోత గలవాని నోరు నొక్కుమనుటయు సులభము కాదు.

స్త్రీలు చెప్పిన కథనములలో హారియెట్ జేకబ్సు వ్రాసినది అగ్రగణ్యము. నార్త్ కరోలినాలోని ఎడెంటన్ పట్టణమున యజమాని కామదృష్టి నుండి తన్ను కాపాడుకొనుటకై ఆమె 1835లో తన యమ్మమ్మ యింటి కొట్టుగది పైనున్న అటకలో దాగెను. తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మిక్కిలి ఎత్తైన చోట మూడడుగుల ఎత్తు గల ఆ చీకటిగూటిలో, ఎలుకలు పైన పరుగులిడుచుండగా, ఎండకు మాడి, చలికి వణకి, దాదాపు ఏడు సంవత్సరములు గడపెను. బరమాతో చేసికొనిన చిన్న రంధ్రములగుండ వీధిలో ఆడుకొను తన బిడ్డలను చూచుకొనుచుండెను. అమ్మ యచటనే యున్నదని వారికి తెలియదు. న్యూయార్కునుండి వచ్చినట్లు జాబులు పంపించి యజమానిని దారి తప్పించిన నేర్పరి ఆమె. 1842లో ఓడలో ఉత్తరదేశమునకు చేరెను. నవలారచయిత్రి హారియెట్ బీచర్ స్టోవు తన రాబోవు గ్రంథములో ఈ కథను చేర్చుకొనగోరగా, జేకబ్సు సమ్మతింపక, తన కథను తానే వ్రాయుటకు నిశ్చయించి, పగలు పరులయింట బిడ్డలను సాకుచు రాత్రులయందు వ్రాసెను. 1861లో లిండా బ్రెంటను మారుపేరుతో అది బోస్టనున వెలువడెను. సంపాదకురాలైన లిడియా మరియా చైల్డు పేరే గ్రంథముపై ప్రముఖముగా నుండుటచేత, కాలక్రమమున అది ఆమె కల్పించిన నవల యని పండితులు తలచిరి. చిరకాలము నిలిచిన ఈ భ్రమను 1980 ప్రాంతములందు జీన్ ఫేగన్ యెల్లిన్ అను పరిశోధకురాలు జేకబ్సు వ్రాసిన లేఖలను బయటికి తీసి తొలగించెను. ఏడేండ్లు అటకలో నుండుట అసంభవమని తలచినవారికి ఆ లేఖలు సమాధానమయ్యెను.

సొలొమన్ నార్తప్పుది మరియొక విధమైన దురదృష్టము. న్యూయార్కు రాష్ట్రమున స్వతంత్రుడుగా పుట్టి పెరిగిన ఈ వయొలిన్ వాద్యకుని 1841లో కచేరీల యాశచూపి వాషింగ్టనుకు గొనిపోయి మత్తుమందిచ్చి అమ్మివేసిరి. లూసియానా పత్తితోటలలో పన్నెండేండ్లు గడచిన తరువాత, కెనడా దేశీయుడైన వడ్రంగి యొకడు రహస్యముగా వ్రాసిన జాబు వలన 1853లో విముక్తి కలిగెను. తన్ను అమ్మినవానిపై వాషింగ్టనున వ్యాజ్యము నడచినపుడు, నల్లవాడు గావున, నార్తప్పు సాక్ష్యమునకు అనుమతి లభింపలేదు. ఆ యేడే డేవిడ్ విల్సనను న్యాయవాది లేఖకుడుగా వెలువడిన అతని గ్రంథము వేలకొలది ప్రతులు చెల్లినను తరువాత మరపున పడి, 1968లో పునర్ముద్రణ పొందెను, 2013లో చలనచిత్రమయ్యెను.

1865లో బానిసత్వము రద్దయిన పిమ్మట ఉత్తర పాఠకుల యుత్సాహము చల్లారెను. ఫిలడెల్ఫియాలో పారిపోయి వచ్చినవారి నెదుర్కొని వారి వివరములను రహస్యముగా వ్రాసియుంచిన విలియం స్టిల్ ఆ లెక్కలను 1872లో గ్రంథముగా వెలువరించెను. ఒకనాడట్లే వివరములడుగుచుండగా, ఎదుటనున్న అపరిచితుడు తాను పుట్టకమునుపే వియోగము పాలైన తన యన్నయని తెలిసికొనినవాడు ఈ స్టిల్. ఆ యనుభవము వలననే విడిపోయిన కుటుంబములు మరల కలిసికొనుటకు ప్రతి వివరమును పదిలపరచవలెనని అతడు నిశ్చయించెను.

తరువాతి యుద్యమము నల్లవారి విద్యాలయములందే మొదలయ్యెను. 1929 ప్రాంతమున లూసియానాలోని సదరన్ విశ్వవిద్యాలయమున జాన్ కేడ్, టెనెసీలోని ఫిస్కు విశ్వవిద్యాలయమున ఒఫీలియా సెటిల్ వృద్ధుల కథలను సేకరించిరి. ఆర్థికమాంద్య కాలమున నిరుద్యోగులగు రచయితలకు పని కల్పించుటకై 1935లో ఏర్పడిన ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు ఈ పనిని విరివిగా చేపట్టి, 1936 నుండి 1938 వరకు 17 రాష్ట్రములలో 2,300కు పైగా కథనములను, సుమారు 500 ఛాయాచిత్రములను సమకూర్చెను. జానపదగేయ సంగ్రాహకుడైన జాన్ లోమాక్సు ఏమేమి అడుగవలెనో నిర్దేశించు ప్రశ్నావళిని కూర్చెను: ఏమి తింటిరి, ఏమి కట్టితిరి, ఎవరు కొట్టిరి, ఏ పాటలు పాడితిరి, స్వాతంత్ర్యము వచ్చినదని తెలిసిన దినమున ఏమి చేసితిరి? 1941లో బెంజమిన్ బాట్కిన్ ఈ కథనములను సంపుటములుగా కూర్చి కాంగ్రెసు గ్రంథాలయమున భద్రపరచెను.

ఈ సేకరణ యెంత యమూల్యమో అంత జాగరూకతతో చదువదగినది. చెప్పినవారిలో అధికసంఖ్యాకులు ఎనుబదియేండ్లు దాటినవారు. బానిసత్వము ముగియునాటికి వారు పసివారు. అడిగినవారిలో ఎక్కువమంది తెల్లవారు. కొన్ని చోట్ల పూర్వపు యజమానుల వంశీయులే. వర్ణవివక్ష చట్టములు అమలునందుండిన దక్షిణదేశమున, ఆకలితో నున్న వృద్ధుడు, గుమ్మము ముందు నిలిచి కాగితము చేతబట్టిన తెల్లదొరసానికి గతమును గూర్చి ఎంతవరకు చెప్పగలడు? చార్లెస్టనున సూసన్ హామ్లిన్ అను వృద్ధురాలి విషయము దీనికి తార్కాణము. 1937లో జెస్సీ బట్లర్ అను తెల్ల లేఖకురాలు వచ్చినపుడు, ఆమె సహాయమిచ్చు కార్యాలయమునుండి వచ్చెనని తలచి, యజమాని మంచివాడని సూసన్ కొనియాడెను. అటుపిమ్మట అగస్టస్ లాడ్సన్ అను నల్ల లేఖకుడు అడుగగా, కొరడాదెబ్బలను, వేలములో తల్లిబిడ్డలను విడదీయుటను, తల్లుల యాక్రందనమును వర్ణించెను. ఈ రెండింటిలో నొకటి యబద్ధమని త్రోసివేయుట తొందరపాటు; ఎవరి యెదుట ఏమి చెప్పవలెనో నూరేండ్లు నేర్చుకొనిన మనిషి రెండు చోట్లను తన నేర్పునే చూపెను. ఇట్లే బానిసత్వమున కడుపునిండ తిండి యుండెనని పలికిన వారి మాటలను, వారపుడు మాంద్యపుటాకలితో నుండిరను సంగతి మరువక చదువవలెను. వారి పలుకులను లేఖకులు యథాతథముగా వ్రాయలేదు, యాసను వింతవింత వర్ణక్రమములతో పట్టబూనిరి, సంపాదకులు దిద్దిరి, కొన్ని రాష్ట్రములవారు కొన్నింటిని రాజధానికి పంపనే లేదు.

యాస విషయమున రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ చూపిన పట్టుదల వేరు. 1860లో శాసనవిరుద్ధముగా అలబామాలోని మొబైల్ తీరమునకు క్లోటిల్డా యను నౌకలో గొనివచ్చిన 110 మందిలో ఒకడైన కుడ్జో లూయిస్ అనబడు కొస్సొలాను ఆమె 1927లోను తరువాతను కలసికొని, అతని పల్కుబడి చెడకుండ గ్రంథస్థము చేసెను. సాధుభాషలోనికి మార్చినచో ప్రకటింతుమని ప్రకాశకులు చెప్పగా ఆమె యొప్పుకొనలేదు. కొస్సొలా 1935లో మరణించెను. పుస్తకము 2018లో గాని అచ్చుకెక్కలేదు. మరుసటి సంవత్సరమున క్లోటిల్డా నౌకాశిథిలములు మొబైల్ నదిలో గుర్తింపబడెను.

చరిత్రకారులు ఈ కథనములను చిరకాలము నమ్మలేదు. నిర్మూలనవాదుల దిద్దుబాటు వీనిలో అధికమని, కావున ప్రామాణ్యము సందేహాస్పదమని 1929లో ఉల్రిచ్ ఫిలిప్స్ తీర్పు చెప్పెను. పెత్తందారుల దినచర్యలకు, లెక్కపుస్తకములకు అట్టి సందేహము కలుగకుండుట వింత. 1972లో జాన్ బ్లాసింగేమ్ ఆత్మకథల నాధారముగా బానిసల సమాజమును చిత్రించెను. అదే యేడు జార్జి రావిక్, ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు కథనములను అచ్చువేయ నారంభించి, పంపకుండ నిలిపిన వానిని కూడ తరువాతి సంపుటములలో చేర్చెను. కొందరి కంఠస్వరములును ధ్వనిముద్రికలపై నిలిచియున్నవి. వీరిలో ఫౌంటెన్ హ్యూజెస్ 1949లో బాల్టిమోరున పలికిన మాటలు ప్రసిద్ధములు.

తెలుగు పాఠకులు బానిసత్వ చరిత్రను ఎక్కువగా ఎరిగినది అలెక్స్ హేలీ 1976లో వ్రాసిన కుటుంబగాథ ద్వారా. సహవాసి చేసిన అనువాదమును హైదరాబాదు బుక్ ట్రస్టు ‘ఏడు తరాలు’ అను పేర ప్రచురించెను. అది విశేషాదరము పొందినది. ఐనను అది వంశకథ నాధారముగా గొని కల్పనతో పెంచిన రచన; పైన పేర్కొనిన ప్రత్యక్ష సాక్ష్యముల కోవలోనిది కాదు.