చిన్నాయన హాలీ రూపాయి

మొన్న తాండూరు వెళ్ళినప్పుడు మా చిన్నాయన ఓ గుడ్డమూట విప్పి, చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి నా చేతిలో పెట్టాడు. "ఫోన్ల జూసిన. గిది లక్షల మీద పోతదట. ముందుగాల రెండు వేలు ఫీజు కట్టుమంటున్రు. కట్టాల్నా?" అన్నాడు. పొలంలో బోరు ఎండిపోయింది, కొత్తది వేయించాలని ఆయన తిప్పలు. "అంతా మోసం" అని కొట్టిపారేయడానికి నోరు రాలేదు. సరే, నాణెం సంగతేంటో చూద్దామని కూర్చున్నా.

ముందు తేదీ. ఉర్దూ అంకెలు నేర్చుకోవడం మనలాంటి వాళ్ళకి పది నిమిషాల పని. ఇంగ్లీషు 'వి' లాంటిది 7, దాన్ని తలకిందులు చేస్తే 8. దీని మీద ఒకవైపు 1337, రెండోవైపు 8 ఉన్నాయి. హిజ్రీ 1337 అంటే 1918 అక్టోబరు నుంచి 1919 సెప్టెంబరు దాకా. 8 అంటే, 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో ఎనిమిదో ఏడు. రెండూ సరిపోయాయి (చెక్‌సమ్ పాస్ :)). చార్మినార్ కమాను మధ్యలో ఉన్న చిన్న అక్షరం 'ఐన్', ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. వాళ్ళ నాన్న మహబూబ్ అలీఖాన్ నాణేల మీద అదే చోట 'మీమ్' ఉంటుంది. ఇంకోచోట 92 కనబడితే చిన్నాయన అదే సంవత్సరం అనుకున్నాడట. అది అబ్జద్ లెక్కలో ముహమ్మద్ పేరు విలువ: 40, 8, 40, 4 కలిపితే 92.

తర్వాత బజార్లో కంసాలి దగ్గర తూయించాం. టంకశాల నుంచి వచ్చినప్పుడు ఉండాల్సిన బరువు 11.18 గ్రాములు. మాది అరిగి 11కి కాస్త పైన తూగింది. వెండి పాలు 81.8 శాతం, అంటే కొత్తదాంట్లో 9.14 గ్రాముల అసలు వెండి. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి, అంటే 10.69 గ్రాములు. ఒకదాన్ని ఇంకోదానితో భాగించి చూడండి, 1.17 వస్తుంది. ఏడుని ఆరుతో భాగించినా అంతే! ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్ రూపాయలు అని మా అవ్వ చెప్పే లెక్క ఎక్కడిదో ఇన్నాళ్ళకి అర్థమైంది. కల్దార్ అంటే మిషను మీద కొట్టినది, అంటే బ్రిటిష్ రూపాయి. నిజానికి 1903 నుంచి సైఫాబాద్ టంకశాలలో నిజాం రూపాయి కూడా మిషను మీదే తయారైంది, కానీ పాత పేరు పోలేదు. 1874లోనే వాడి-సికింద్రాబాద్ రైలు వచ్చిన తాండూరులో ఈ రెండు రూపాయల లెక్క రాకపోతే బేరం సాగేది కాదేమో.

ఇక అసలు కష్టం, నాణెం పరిస్థితి. మినార్ల కొసలు అరిగిపోయాయి. అంచున ఒకచోట టంకం మచ్చ ఉంది. ఎప్పుడో గొలుసుకి అతికించి ఉంటారు (మా వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ నగల్లో ఇలాంటివి చాలా కనబడేవి). అన్నిటికంటే పెద్ద దెబ్బ, చిన్నాయన దాన్ని చింతపండు, బూడిద పెట్టి తోమడం. తళతళలాడుతోంది పాపం! వికారాబాద్‌లో మా మేనమామ దగ్గర ఇలాంటిదే ఇంకోటి నల్లగా, మురికిగా ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు, చార్మినార్ మీది సన్న గీతలు కూడా కనబడతాయి. సేకరించేవాళ్ళు దానికే ఎక్కువిస్తారు. వందేళ్ళ నలుపు ఒకసారి పోతే మళ్ళీ తెచ్చి పూయలేం.

విలువ మాటకొస్తే, ఇది అరుదైనదేం కాదు. 9 గ్రాముల వెండిని ఆ రోజు ధరతో గుణించండి, కింది హద్దు అది. ఇలా టంకం పడి, తోమేసిన దానికి అంతకంటే పెద్దగా రాదు. లక్షలన్న మాట మర్చిపోవచ్చు. ఆ ఫీజు సంగతి మీద 2021 ఆగస్టులోనే రిజర్వ్ బ్యాంక్ హెచ్చరిక ఇచ్చింది: పాత నాణేల అమ్మకాల్లో తమ తరఫున ఫీజు వసూలు చేయమని ఎవరికీ అధికారం ఇవ్వలేదని.

"పోనీ బ్యాంకుల మారుస్తరా?" అన్నాడు. ఈ రూపాయలు ముద్రించడం 1951లోనే ఆగింది, 1959లో పూర్తిగా చెల్లకుండా పోయాయి అని చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ తీసి ఫీజు అడిగినవాడి నంబరు తీసేశాడు. రూపాయిని మళ్ళీ గుడ్డలో చుడుతూ, "అయితే ఇగ చింతపండు పెట్టద్దంటవ్" అన్నాడు.