భారతదేశంలో అంతర్జాతీయ ఒప్పందాలు: గోప్యత, పార్లమెంటు పాత్ర

భారతదేశంలో విదేశాలతో ఒప్పందాలు కుదుర్చుకునే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. సంతకానికి గానీ ధ్రువీకరణకు గానీ పార్లమెంటు ముందస్తు ఆమోదం సాధారణంగా అక్కర్లేదు. వాణిజ్య చర్చల ముసాయిదాలు కూడా బయటికి రావు. తమ బతుకులను మార్చే షరతులు సంతకాలయ్యాకే తెలుస్తున్నాయన్నది రైతు సంఘాలు, ప్రజారోగ్య కార్యకర్తల ప్రధాన ఆందోళన.

రాజ్యాంగ స్థితి

కేంద్ర జాబితాలోని 14వ అంశం ఒప్పందాలపై చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. అయినా వాటిని కుదుర్చుకునే పద్ధతిని నిర్దేశించే చట్టం రాలేదు. 253వ అధికరణం ప్రకారం ఒప్పందాల అమలు కోసం రాష్ట్ర జాబితా విషయాలపైనా పార్లమెంటు చట్టం చేయవచ్చు. అందువల్ల వ్యవసాయంపై ప్రభావం చూపే ఒప్పందాలకు సైతం రాష్ట్రాల సమ్మతి తప్పనిసరి కాదు. దేశ భూభాగాన్ని అప్పగించాలంటే మాత్రం రాజ్యాంగ సవరణ కావాలని 1960లో బెరుబారి వ్యవహారంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పేటెంట్ల వివాదం

ప్రపంచ వాణిజ్య ఒప్పందం కోసం 1991 డిసెంబరులో వచ్చిన డంకెల్ ముసాయిదాపై దేశంలో తీవ్ర నిరసనలు రేగాయి. పి.వి. నరసింహారావు ప్రభుత్వ హయాంలో 1994 ఏప్రిల్‌లో భారత్ మరకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంపై సంతకం చేసింది. అందుకు అనుగుణంగా పేటెంట్ల చట్టాన్ని మార్చే ఆర్డినెన్సు ఆ ఏడాది చివర వచ్చింది. దాని స్థానంలో తెచ్చిన బిల్లు లోక్‌సభ దాటినా రాజ్యసభలో నిలిచిపోయింది. అమెరికా ఫిర్యాదుపై 1997లో సంస్థ వివాద పరిష్కార విభాగం భారత్‌కు వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. 1999లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. సంతకం తర్వాత వచ్చే చట్టసభ చర్చకు ఎంత తక్కువ స్వేచ్ఛ ఉంటుందో ఈ ఉదంతం చాటింది.

ఆర్‌సెప్ చర్చలు

ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్యం (ఆర్‌సెప్) కోసం 16 దేశాలు జరిపిన చర్చల్లో ఒక విడతకు 2017 జూలైలో హైదరాబాద్ వేదికైంది. పాల దిగుమతులు, విత్తనాలు, మందుల ధరలపై భయాలు వ్యక్తం చేసిన ప్రజాసంఘాలు ముసాయిదాను బయటపెట్టాలని కోరాయి. 2019 నవంబరులో భారత్ ఈ ఒప్పందంలో చేరరాదని నిర్ణయించింది.

సంస్కరణ ప్రతిపాదనలు

బేరసారాల్లో మన పట్టు ఎదుటి పక్షానికి ముందే తెలిసిపోతే నష్టమన్నది గోప్యతకు ప్రభుత్వాలు చెప్పే కారణం. జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య నేతృత్వంలోని రాజ్యాంగ సమీక్షా కమిషన్ 2002లో ఒప్పందాల ప్రక్రియను పార్లమెంటు చట్టంతో క్రమబద్ధం చేయాలని సూచించింది. బ్రిటన్‌లో 2010 చట్టం ప్రకారం సాధారణంగా ధ్రువీకరణకు ముందు ఒప్పంద ప్రతిని 21 సభా దినాలు పార్లమెంటు ముందుంచాలి. సంతకం పూర్తయ్యాక దాచాల్సిన బేరం ఏదీ మిగలదు. కనీసం ధ్రువీకరణకు ముందైనా ఒప్పందాన్ని సభ చదివి చర్చించే హక్కు చట్టంగా రావడం ప్రజాస్వామ్యానికి అత్యవసరం.