మార్లవాయిలో రెండు పదకొండులు



మొన్న మా హాస్టల్ రూంలో ఓ చర్చ నడిచింది. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధులు ఉన్నయి కదా. బెట్టీ 1987 జనవరి 11న పోయింది. ఆయన 1995 జూన్ 11న పోయిండు. ఇద్దరిదీ 11వ తేదీనే! "అంత ప్రేమ ఉండె, అందుకే" అన్నరు కొందరు. లెక్కలు చదివే తమ్ముడు మాత్రం, నెలకు 30 రోజులు కాబట్టి 30 జంటల్లో ఒక జంటకు ఇట్లనే పడ్తదన్నడు. మిగతా 29 జంటల తేదీలు ఎవరు చూస్తరు? కలిసినవే గుర్తుంటయి.

తేదీల సంగతి ఒప్పుకున్నం. కానీ ఆయన ఇక్కడికొచ్చిన తీరు చూస్తే అంత తేలిగ్గా వదిలేయబుద్ధి కాలేదు.

ఆయన వియన్నాలో పుట్టిండు. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకున్నాక ఆయన పాస్‌పోర్టు జర్మన్‌దైంది. 1939లో యుద్ధం మొదలైతే ఇండియాలో ఉన్న ఆయన ఇంగ్లీషోళ్లకు శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యం దాటొద్దని కట్టడి పెట్టిన్రు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను పోలీసులు కాల్చి చంపిన్రు. ఆ తర్వాత గోండుల బాధలేందో చూడమని సర్కారు ఈయన్నే పంపింది.

మా ఊళ్లలో పెద్దోళ్లు "దేవుడే పంపిండు" అంటరు. అడవి, చేన్లు, ఇంటి మనిషి పోయినోళ్లకు అంతా ఉత్తగనే జరిగిందంటే గుండె ఒప్పుకోదు. పోయిన ప్రాణానికి ఓ ఫలితం కనబడాలె. వాళ్లను తప్పుపట్టలేం.

కానీ ఆ మాటలో భీం ఎక్కడున్నడు? కాకి వాలింది, తాటిపండు పడ్డది అంటరు. యుద్ధం ఈయన్ను ఇక్కడ ఆపడం వరకు అట్లాంటిదే. పన్నెండు ఊళ్లోళ్లు భూమి కోసం నిలబడకపోతే సర్కారుకు మన గూడేలు యాదికొచ్చేవా? 1943లో మార్లవాయిలో టీచర్ల ట్రైనింగ్ సెంటర్, గోండిలో వాచకాలు, లక్ష ఎకరాలకు పైగా పట్టాలు, అన్నీ ఆ తర్వాతే వచ్చినయి.

మాలో ఒకని ముత్తాత పేరు మీదున్న ఆ కాలం పట్టా ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది. భూమి మాత్రం వేరేవాళ్లు దున్నుతున్నరు.

జనవరి 11న మార్లవాయికి ఎప్పటిలెక్కనే పోతం. దానికన్నా ముందు ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతి ఉంది, జోడేఘాట్ పోదామనుకున్నం. వచ్చేటోళ్లు పేరు చెప్పండి, బండి మాట్లాడాలె.