తెగిన వేళ్ళు పలికించిన సంగీతం

మన మనవళ్ళు వినే హెవీ మెటల్ సంగీతం మనలో చాలామందికి చెవిపోటే. అయితే దానికి మూలమని చెప్పుకునే రికార్డు కథ కార్ఖానాల్లో, కార్యాలయాల్లో జీవితం గడిపిన మనకు దగ్గరిదే. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఈ విషయం ఎంచుకున్నాను.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ లోహ పరిశ్రమల ఊరు. అక్కడి ఆస్టన్ ప్రాంతపు కుర్రాళ్ళు నలుగురు 1968లో ఒక బృందంగా చేరారు. గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ కబేళాలో పనిచేశాడు. బేస్ గిటారు వాయించే గీజర్ బట్లర్ అకౌంట్స్ పని నేర్చుకున్నాడు. డ్రమ్స్ బిల్ వార్డ్‌వి. గిటారిస్టు టోనీ అయోమీ అంతకుముందు రేకుల కార్ఖానాలో వెల్డింగ్ చేసేవాడు.

17వ ఏట అయోమీ ఆ ఉద్యోగం మానుకున్నాడు. ఆఖరి రోజున ప్రెస్సు నడిపే మనిషి రాకపోతే అతన్ని అక్కడ నిలబెట్టారు. కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కనుక గిటారు తీగలు నొక్కేది ఆ వేళ్ళతోనే! ఇక వాయించలేవన్నారు వైద్యులు.

అప్పుడు ఫోర్‌మన్ ఇంటికి వచ్చి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. ఆ జాజ్ గిటారిస్టుకు 1928లో అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాయి. అయినా మహా విద్వాంసుడయ్యాడు. అది విన్న అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి, తోలు అతికించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. పలుచని తీగలు కట్టుకున్నాడు.

వారి తొలి ఆల్బమ్ 'బ్లాక్ సబ్బత్' లండన్‌లో 1969 అక్టోబరులో ఒక్కరోజులో రికార్డయింది. 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. అమెరికా నల్లజాతివారి బ్లూస్, జాజ్ దానికి పునాదులు. మొదటి పాటకు ప్రేరణ హోల్‌స్ట్ రాసిన 'మార్స్' అనే వాద్యరచన. రుగ్వేద సూక్తాలను ఇంగ్లీషులోకి అనువదించి స్వరపరచిన హోల్‌స్టే ఆయన. ఆ పాటలోని ముఖ్యమైన వరస షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ మధ్య నడుస్తుంది. మన కల్యాణిలో శోభనిచ్చే స్వరం అక్కడ భయం పుట్టిస్తుంది!

విమర్శకులు చాలామంది తీసిపారేసినా బ్రిటన్ జాబితాలో ఆల్బమ్ 8వ స్థానానికి చేరింది. ఆ నలుగురూ 2025 జులై 5న ఆస్టన్‌లోనే చివరి కచేరీ చేశారు. అదే నెల 22న ఆస్‌బోర్న్ కన్నుమూశాడు.

గాయపడిన కుర్రాడి దగ్గరకు ఆ ఫోర్‌మన్ వెళ్ళకపోయినా అడిగేవారు లేరు. ఆ రోజుతో వాడి ఉద్యోగం ఎలాగూ ముగిసింది. అయినా వెళ్ళాడు. మన సర్వీసులోనూ అటువంటి పెద్దలు తగిలే ఉంటారు. సభ్యులు వారిని గురించి మన పత్రికకు రాయాలని నా మనవి.