మృదంగం లెక్క తప్పని వాద్యం

1920 జనవరిలో లండన్ నుంచి వెలువడే ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖ అచ్చయింది. రాసింది కలకత్తాలో పనిచేస్తున్న సి.వి. రామన్, ఆయన సహచరుడు శివకాళి కుమార్. విషయం మృదంగం, తబలా. చర్మవాద్యాల్లోంచి పుట్టేది లయే గానీ శ్రుతిగల నాదం కాదన్నది అప్పటికి యూరప్ శాస్త్రజ్ఞులలో స్థిరపడ్డ అభిప్రాయం. భారతీయ వాద్యాలకు ఆ మాట చెల్లదని రామన్ ఆ లేఖలో నిరూపించారు.

యూరప్ వారి అభిప్రాయం వెనుక గట్టి గణితమే ఉంది. రెండు కొనల మధ్య బిగించిన తీగను మీటితే దానిలో స్థిర తరంగాలు ఏర్పడతాయి. తీగ మొత్తం ఒకే ఉబ్బుగా ఊగుతుంది, అదే సమయంలో రెండు భాగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడా ఊగుతుంది. వీటి పౌనఃపున్యాలు 1, 2, 3, 4 నిష్పత్తిలో ఉంటాయి. వీటినే అనుస్వరాలు అంటారు. అవన్నీ కలిసి చెవికి ఒకే నిండైన స్వరంగా వినిపిస్తాయి.

గుండ్రంగా బిగించిన చర్మం తీరు వేరు. ప్రాథమిక స్వరాన్ని 1 అనుకుంటే ఆ తర్వాత వచ్చేవి 1.59, 2.14, 2.30, 2.65, 2.92. ఒక్కటీ పూర్ణసంఖ్య కాదు. అందుకే డప్పు మోత ఊరంతా వినిపించినా, అది ఫలానా స్వరమని పట్టుకుని పాడలేం.

మరి మృదంగాన్ని గాయకుడి శ్రుతికి ఎలా కలుపుతున్నారు? ఈ ప్రశ్న రామన్‌కు తట్టడం యాదృచ్ఛికం కాదు. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు, వయొలిన్ వాయించేవారు. రామన్ పదకొండేళ్లకే ఆ ఊళ్లోనే మెట్రిక్యులేషన్ ముగించారు. తర్వాత ధ్వని గురించి హెల్మ్‌హోల్ట్జ్ రాసిన గ్రంథం ఆయనను బలంగా ఆకట్టుకుంది. 1907లో కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగంలో చేరాక, ఆఫీసు వేళలకు ముందూ తర్వాతా బౌబజార్ వీధిలోని సైన్స్ అసోసియేషన్ ప్రయోగశాలలో గడిపేవారు. 1917లో ఆ ఉద్యోగం వదిలి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్ అయ్యారు. కాంతి పరిశోధనతో నోబెల్ అందుకోవడానికి చాలా ముందే తీగలు, చర్మాల కంపనాలపై ఆయన పేరు మారుమోగింది.

మృదంగం శ్రుతి రహస్యం దాని కుడి ముఖమైన వలంతల నడుమ కనిపించే నల్లటి పూత కరణిలో ఉంది. ఇనుప చిట్టెం పొడిని అన్నంతో మెత్తగా నూరి, పలచటి పొరగా పూసి, నున్నటి రాయితో రుద్ది ఆరనిస్తారు. దాని మీద ఇంకో పొర, ఆపైన మరొకటి. నడిమి భాగం మందంగా, అంచువైపు పలచగా వచ్చేలా ఓపికగా పెంచుకుంటూ పోతారు. మధ్యమధ్యలో వేలితో కొట్టి నాదం వింటారు. ఎడమ ముఖమైన తొప్పి వైపు మాత్రం కచేరీకి ముందు తడి రవ్వ ముద్ద పెట్టి, అయ్యాక తీసేస్తారు.

కరణి బరువు చేసే పని ఇది. ప్రాథమిక కంపనంలో అన్నిటికన్నా ఎక్కువగా ఊగేది చర్మం నడిమి భాగమే. అక్కడ బరువు పడితే ఆ కంపనం బాగా నెమ్మదిస్తుంది. చర్మం రెండు అర్ధభాగాలుగా ఊగే రెండో కంపనంలో సరిగ్గా మధ్యన కదలిక ఉండదు. కనుక కరణి దాన్ని అంతగా నెమ్మదింపజేయదు. ఫలితంగా ఆ రెంటి మధ్య దూరం పెరుగుతుంది. 1.59 కాస్తా 2కు చేరుకుంటుంది. అదేవిధంగా 2.14, 2.30 రెండూ 3 దగ్గర కలుస్తాయి.

దీన్ని కంటికి చూపించడానికి రామన్ ఎంచుకున్న సాధనం ఇసుక. పద్దెనిమిదో శతాబ్దం చివర జర్మనీలో క్లాడ్నీ లోహపు పలకల మీద ఇసుక చల్లి, అంచును కమానుతో రాస్తే, కదలని రేఖల వెంట ఇసుక పేరుకుని బొమ్మలు కట్టేది. రామన్ మృదంగం చర్మం మీద సన్నటి ఇసుక చల్లి, అక్కడక్కడ వేలు ఆన్చి, దరువు వేసి చూశారు. ఒక్కో దరువుకు ఒక్కో బొమ్మ ఏర్పడింది. తొమ్మిది రకాల కంపనాలు ఐదు అనుస్వరాలుగా సర్దుకున్నాయని తేలింది. మొదటిదానికీ రెండోదానికీ ఒక్కో కంపనం, మూడు, నాలుగులకు రెండేసి, ఐదోదానికి మూడు. తానే నెలకొల్పిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రిక తొలి సంపుటంలో ఈ ఫలితాలను వివరంగా ప్రచురించారు. అంచు చుట్టూ కుట్టే అదనపు తోలు పట్టీ కూడా అలంకారం కాదని, ఐదుకు పైనున్న పొసగని స్వరాలను అది అణచివేస్తుందని అందులో చెప్పారు.

వీణ, తంబురాల తీగలు ఆనే వెడల్పాటి వంపు గుర్రంపైనా ఆయన దృష్టి పడింది. ఒక అనుస్వరానికి కదలిక లేని చోట తీగను మీటితే ఆ అనుస్వరం వినిపించకూడదన్నది థామస్ యంగ్ కాలం నుంచీ ఉన్న నియమం. ఈ వాద్యాల్లో అది బలంగానే వినిపిస్తుందని రామన్ గమనించారు. తీగ ఆ వంపును తాకుతూ, వదులుతూ ఊగడమే దీనికి మూలం.

మృదంగంపై ఇసుక ప్రయోగం చూపినదాన్ని గణితంలోకి తెచ్చిన పని 1954లో జరిగింది. బి.ఎస్. రామకృష్ణ, మన్‌మోహన్ సోంధీ మృదంగం చర్మాన్ని రెండు వేర్వేరు సాంద్రతలు గల పొరగా, నడుమ బరువైన వృత్తంగా, చుట్టూ తేలికైన వలయంగా ఊహించి సమీకరణాలు సాధించారు. ఆ లెక్కలో వచ్చిన పౌనఃపున్యాలు పూర్ణసంఖ్యలకు దగ్గరగా వచ్చాయి. ఆ రామకృష్ణే తర్వాత 1980లలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. 1957లో ఆయన ఇంకా చిక్కైన సమస్యను ఎత్తుకున్నారు. అది తబలా జంటలో ఎడమచేతి డగ్గా. దాని మీద కరణి నడుమ కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటుంది.